ద్వీపమునకు పోవు అతిథి

కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒక్కటేయని తెలుగునాట ఒక సామెత కలదు. ఆ సామెత పుట్టిన కాలమున దూరదేశమునకు బయలుదేరు గృహస్థు అప్పులు తీర్చి, రావలసిన బాకీలు వ్రాసిపెట్టి, పొలము పుట్ర పెద్దకొడుకునకు అప్పగించి, ఊరివారి యందరివద్దను సెలవు తీసికొని కదలెడివాడు. త్రోవలో దొంగలు, సత్రములలో కలరా, నదులలో వరదలు. తిరిగి వచ్చిననాడు ఇంట సమారాధన జరిగెడిది. రైలు వచ్చిన పిమ్మట ఆ సామెత పదును తగ్గినది. విమానము వచ్చిన పిమ్మట అది మరుగున పడినది. భయము పోవుట మంచిదే. కాని భయముతోపాటు సిద్ధపాటు కూడ పోయినది. విచారింపవలసిన విషయము అది.

నేడు కరీబియన్ సముద్రపు ద్వీపములు తెలుగువారికి కేవలము భూగోళ పాఠములోని పేర్లు కావు. అక్కడి వైద్యకళాశాలలలో చేరు విద్యార్థులు కలరు. క్రికెట్ పోటీలు చూడబోవువారు కలరు. అమెరికాలో స్థిరపడి, చలికాలపు సెలవులలో పిల్లలతో ఆ తీరములకు పోవు కుటుంబములు కలవు. వీరి చేతికి అందు సలహాపత్రము లన్నియు ఒకే ప్రశ్నకు సమాధానము చెప్పుచున్నవి: ఆ ద్వీపమునందలి ప్రమాదముల నుండి యాత్రికుడు తన్ను తాను ఎట్లు కాపాడుకొనవలెను? ప్రశ్న తప్పు కాదు. కాని అది సగము ప్రశ్న. యాత్రికుని వలన ఆ ద్వీపమునకు కీడు కలుగకుండుట ఎట్లు అనునది తక్కిన సగము. ఈ రెండింటిని విడదీయుటచేతనే సలహాలు పిరికిమందుగా మారుచున్నవి. అందుచేతనే వాటిని వినువారు తక్కువ.

చరిత్ర చూచినచో, కరీబియన్ ద్వీపములకు కీడు తరచుగా బయటినుండియే వచ్చినది. కొలంబస్ వెనుక వచ్చిన స్పెయినువారు 1518 ప్రాంతమున హిస్పానియోలా ద్వీపమునకు మశూచిని తెచ్చిరి. అప్పటికే పనులభారముచేత కృశించిన ఆదివాసులను అది తుడిచిపెట్టినది. ఆఫ్రికానుండి బానిసలను తెచ్చిన ఓడల నీటిపీపాలలో ఏడెస్ ఈజిప్టై అను దోమయు, ఆ ఓడల మనుష్యుల రక్తములో ఎల్లో ఫీవర్ అను పీతజ్వరమును సముద్రము దాటినవి. తరువాతి కథ విచిత్రమైనది. 1801 చివర నెపోలియన్ తన చెల్లెలి భర్తయైన లెక్లేర్‌ను గొప్ప సైన్యముతో అదే ద్వీపపు పశ్చిమభాగమునకు పంపెను. బానిసత్వమును త్రెంచుకొన్న ప్రజలు ఒకవైపున, పీతజ్వరము మరియొకవైపున ఆ సైన్యమును నశింపజేసినవి. లెక్లేర్ 1802లో జ్వరముతో మరణించెను. 1804లో హైటీ స్వతంత్రదేశమైనది. ఒక అతిథి తెచ్చిన రోగము మరియొక అతిథిని బలిగొన్నది.

ఆ జ్వరమునకు కారణము గాలియో, మురికియో, దుస్తులో అని లోకము వాదులాడుచుండగా, 1881లో హవానా నగరపు వైద్యుడు కార్లోస్ ఫిన్లే దోమ కాటు దానికి కారణమని చెప్పెను. ఇరువది సంవత్సరములపాటు ఆయన మాటను పెక్కుమంది పరిహసించిరి. 1900లో వాల్టర్ రీడ్ నాయకత్వమున అమెరికా సైనిక వైద్యులు పరీక్షలు జరిపి ఆ మాట నిజమని తేల్చిరి. ఉష్ణదేశములలో ప్రయాణించువారి ఆరోగ్యమును గురించి నేటి లోకమునకు తెలిసిన మొదటి పాఠములలో ఒకటి కరీబియన్ ద్వీపవాసి చెప్పినదే.

ఇదంతయు పాతకథ యనుకొనవలదు. 2010 అక్టోబరులో హైటీలో కలరా పుట్టినది. అంతకుముందు నూరేండ్లలో ఆ దేశమున కలరా ఎరుగరు. భూకంపమునకు పిమ్మట అక్కడ ఉన్న ఐక్యరాజ్యసమితి శాంతిసైనికుల శిబిరమునుండి మలినము నదిలో కలియుటచేత అది వ్యాపించినదని పరిశోధకులు తేల్చిరి. సుమారు పదివేలమంది మరణించిరి. 2016లో సమితి ప్రధానకార్యదర్శి బాన్ కీ మూన్ హైటీ ప్రజలకు క్షమాపణ చెప్పెను. సహాయము చేయవచ్చిన అతిథులే ఇట్టి అనర్థమునకు కారణమైనప్పుడు, వినోదమునకై పోవు అతిథి ఎంత జాగ్రత్తపడవలెనో చెప్పనక్కరలేదు.

చికున్‌గున్యా సంగతి తెలుగువారికి మరింత దగ్గరిది. 2006లో ఆంధ్రదేశపు పల్లెలలో ఇంటికొకరు చొప్పున కీళ్లు పట్టుకొని మూలుగుచు మంచము పట్టినమాట ఇంకను మరపునకు రాలేదు. ఆ జ్వరము 2013 డిసెంబరులో సెయింట్ మార్టిన్ అను చిన్న కరీబియన్ ద్వీపమున మొదటిసారి స్థానికముగా వ్యాపించుట కనిపించినది. ఏడాది తిరుగకుండ అమెరికాఖండములలో పదిలక్షలకు పైగా జనులకు సోకినట్లు లెక్కలు చూపినవి. దోమ సముద్రములు దాటి ఎగురలేదు. రోగిని దాటించినది విమానము.

ఇక ఒక్క ద్వీపమును తీసికొని చూడవచ్చును. ట్రినిడాడ్ వెనిజులా తీరమునకు అత్యంత సమీపమున, భూమధ్యరేఖకు ఉత్తరముగా పదియవ అక్షాంశమునకు పైన ఉన్నది. 1976లో భారతజట్టు 403 పరుగుల లక్ష్యమును సాధించి లోకమును ఆశ్చర్యపరచిన క్వీన్స్ పార్క్ ఓవల్ మైదానము దాని రాజధానియైన పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోనిదే. తెలుగువారికి ఆ ద్వీపముతో ఇంకను పాత సంబంధము కలదు. 1845 మే 30వ తేదీన ఫతేల్ రజాక్ అను ఓడ తొలి భారతీయ కూలీలను అక్కడ దింపినది. 1917 వరకు సాగిన ఆ వలసలో సుమారు లక్షా నలుబదివేలమంది చేరిరి. వారిలో హెచ్చుమంది కలకత్తా రేవునుండి పోయినవారు. మద్రాసు రేవునుండి పోయినవారిలో తమిళులతోపాటు తెలుగువారును కలరు.

ఆ ప్రయాణము ఎట్టిదో తెలిసికొనుటకు ఒక్క ఉదాహరణము చాలును. 1858లో కలకత్తానుండి బయలుదేరిన ‘సాల్సెట్’ అను ఓడలోని కూలీలలో మూడవవంతునకు పైగా ట్రినిడాడ్ చేరకముందే మరణించిరి. ఓడ దిగినవారిని నెల్సన్ ద్వీపమున ఉంచి పరీక్షించెడివారు. ఆనాటి ప్రయాణికునకు తన ఆరోగ్యము తన చేతిలో లేదు. నీరు, తిండి, మందు అన్నియు పరుల దయపై ఆధారపడినవి. నేటి తెలుగు యాత్రికునకు అన్నియు తన చేతిలోనే ఉన్నవి. చేతిలో ఉన్నదానిని నిర్లక్ష్యము చేయుట, చేతిలో ఏమియులేక పోయినవారి స్మృతికి కూడ తగని పని.

మొదట పీతజ్వరపు టీకా. ట్రినిడాడ్ అడవులలోని కోతులలో ఈ జ్వరము అప్పుడప్పుడు తలయెత్తుచుండును. బొబ్బలుపెట్టు హౌలర్ కోతులు చెట్లక్రింద చచ్చిపడియుండుటయే అడవిలో జ్వరము పుట్టినదనుటకు గురుతు. 1978–79లో అది మనుష్యులకు కూడ సోకినది. 2008–09లో కోతులలో మరల కనిపించినది. ఈ కారణముచేత ట్రినిడాడ్‌కు పోవు యాత్రికులు టీకా వేయించుకొనవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. పొరుగుననే ఉన్న టొబాగోకు మాత్రమే పోవువారికి ఆ మాట చెప్పుట లేదు. టీకా ఒకసారి వేయించుకొన్న చాలును; 2016 జూలై నుండి దాని ధ్రువపత్రము జీవితాంతము చెల్లును. అయితే టీకా వేసిన పదిదినముల తరువాతనే పత్రము అమలులోనికి వచ్చును. కావున విమానము టిక్కెట్టు కొన్ననాడే దీని ప్రయత్నము చేయవలెను. హైదరాబాదు నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థవంటి ప్రభుత్వము గుర్తించిన కేంద్రములలోనే దీనిని వేయుదురు. అరువదియేండ్లు దాటినవారు, గర్భిణులు, గ్రుడ్డు సరిపడనివారు ముందుగా వైద్యుని అడుగవలెను.

ఈ పత్రము లేకుండ ఆ దేశమును విడిచిన ఆరుదినములలో భారతదేశమునకు తిరిగివచ్చినవానిని ఆ ఆరుదినములు ముగియువరకు ప్రత్యేకముగా నిర్బంధించి ఉంచుదురు. దీనిని అధికారుల చాదస్తముగా విసుగుకొనువారు కలరు. వారు ఒక సంగతి మరచుచున్నారు. పీతజ్వరము భారతదేశమున ఇంతవరకు వ్యాపింపలేదు. కాని దానిని మోయగల దోమ మాత్రము ప్రతి ఊరిలోను, ప్రతి పూలకుండీ పళ్లెములోను ఉన్నది. ఒక్క రోగి రక్తము తోడైన ఏమగునో హవానా చెప్పినది. ఆ పత్రము యాత్రికుని బాహువునకు మాత్రమే కాదు, అతని ఊరికి కూడ కట్టిన రక్ష.

ఇదే న్యాయము ఎదురుదారిలోను వర్తించును. ట్రినిడాడ్‌లో ఒకప్పుడు కోకో తోటలకు నీడనిచ్చు చెట్లకొమ్మలపై పెరుగు మొక్కల ఆకుదొన్నెలలోని నీటిలో మలేరియా దోమలు పెరిగెడివి. ఎంతో కష్టపడి ఆ దేశము మలేరియాను పారద్రోలినది. 1965లో ప్రపంచ ఆరోగ్యసంస్థ అందులకు ధ్రువీకరణ ఇచ్చినది. మలేరియా గల ప్రాంతమునుండి పోవువాడు జ్వరమును దాచుకొని విమానమెక్కినచో, ఆ దేశపు శ్రమను తిరిగి ప్రమాదమున పడవేసినవాడగును. జ్వరముతో ప్రయాణము చేయకుండుట, అక్కడ జ్వరము వచ్చినచో వెంటనే వైద్యునకు చూపి తాను ఏ దేశమునుండి వచ్చినదియు చెప్పుట అతిథి చేయవలసిన మొదటి మర్యాద.

దోమలనుగూర్చి తెలుగువారికి క్రొత్తగా చెప్పవలసినది లేదనిపించును. ఆ నమ్మకమే మోసము. ట్రినిడాడ్‌లో పెక్కు ఇండ్లకు కుళాయినీరు ఎడతెగక రాదు. అందుచేత తొట్లలోను పీపాలలోను నిలువచేయుదురు. డెంగీ దోమకు కావలసినది అదే. జూన్ మొదలు డిసెంబరు వరకు అక్కడ వానకాలము. 2024లో ఆ దేశమున డెంగీ విజృంభించి ప్రాణములు కూడ తీసినది. ఈ దోమ పగటిపూట కుట్టును; రాత్రి దోమతెర కట్టుకొని పగలు పొట్టిచేతుల చొక్కాతో తిరుగువాడు తలుపు తెరచి కిటికీ మూసినవాడే. ఒడలంత కప్పు పలుచని నూలుబట్టలు, చర్మమునకు పూయు దోమమందు, బసలోని కూజాలను బొక్కెనలను బోర్లించుట — ఇంతకన్న గొప్ప ఉపాయము లేదు. ఒళ్లునొప్పులతో జ్వరము వచ్చినచో ఆస్పిరిన్, ఇబూప్రొఫెన్ వంటి మాత్రలు వేసికొనరాదు. డెంగీ అయినచో అవి రక్తస్రావమును హెచ్చించును. పారాసిటమాల్ తీసికొని వైద్యుని చూడవలెను. గర్భిణులు ప్రయాణమునకు ముందే వైద్యునితో ఆలోచింపవలెను; 2016లో ఆ ప్రాంతమున వ్యాపించిన జికా జ్వరము గర్భమునందలి శిశువునకు చేసిన హాని అందరు ఎరిగినదే.

దోమకన్న చిన్నదియు ఒకటి కలదు. 1955లో ట్రినిడాడ్‌లోని ఒక అడవి కూలివాని రక్తమున కనుగొన్న వైరస్‌కు ఆ ప్రాంతపు ఒరొపూష్ అను నది పేరు పెట్టిరి. కంటికి ఆనని చిన్న ఈగ దానిని మోయును. సాధారణపు దోమతెర కన్నులలోనుండి అది దూరిపోగలదు. 2024లో ఆ జ్వరము బ్రెజిల్‌లోను క్యూబాలోను పెద్దయెత్తున వ్యాపించినది. అడవిదారులు, తోటలు చూడబోవువాడు తెరను నమ్ముకొనక నిండుబట్టలను, మందును నమ్ముకొనవలెను.

అడవిలో రెండు ప్రమాదములు కలవు. ఆ ద్వీపములో విషసర్పములు నాలుగు జాతులవి. వానిలో మపెపీర్ అని అక్కడివారు పిలుచు రెండును మిక్కిలి క్రూరమైనవి. రెండవది గబ్బిలము. 1930 ప్రాంతమున ట్రినిడాడ్‌లో పశువులును మనుష్యులును పక్షవాతమువంటి వ్యాధితో చనిపోవుచుండగా, అది రక్తము త్రాగు గబ్బిలముల వలన వచ్చు రేబిస్ అని కనుగొన్నవాడు అక్కడి శాస్త్రజ్ఞుడు జోసెఫ్ లెనాక్స్ పవాన్. గబ్బిలము గీరినను, కుక్క కరచినను గాయమును సబ్బుతో బాగుగ కడిగి, ఆనాడే టీకాకు పోవలెను. మార్గదర్శి లేకుండ అడవిలోనికి పోరాదు.

సముద్రతీరమున ప్రమాదము అందముగా కనబడును. ఉత్తరతీరమున మరకాస్ అను అఖాతము కలదు. ఆదివారము ఊరంతయు అక్కడనే ఉండును. అక్కడ రక్షకభటులు జెండాలు పాతి, వాని నడుమనే స్నానమాడుమని చెప్పుదురు. ఒడ్డునుండి లోపలికి లాగుకొనిపోవు ప్రవాహములు జెండాల ఆవల పొంచియుండును. ఏటికి ఎదురీదవద్దనునది తెలుగు నుడికారము. ఇక్కడ అది అక్షరాల ప్రాణసూత్రము. ప్రవాహమున చిక్కినవాడు ఒడ్డువైపు ఈదక, తీరమునకు సమాంతరముగా ఈది దానినుండి తప్పించుకొని, పిమ్మట ఒడ్డునకు రావలెను. ఎండ తెలుగువానికి కొత్తదా యని అడుగవచ్చును. రెంటచింతల ఎండను ఎరిగినవాడు కూడ ఇక్కడ మోసపోవును. ఏలన సముద్రపుగాలి వేడిని తెలియనీయదు, సాయంకాలమునకు గాని ఒడలు కమిలినట్లు తెలియదు. కరీబియన్ తీరములలో మాంచినీల్ అను చెట్టు కలదు. దాని కాయ చిన్న ఆపిల్‌వలె నుండి ఆశపుట్టించును; దాని పాలు తగిలిన చోట బొబ్బలు లేచును. వానలో దాని నీడకు చేరరాదు. పేరు తెలియని కాయను పిల్లల చేతికి ఈయరాదు.

గాలివానల విషయమున ట్రినిడాడ్ కొంత అదృష్టము గలది. పెక్కు తుపానులు దానికి ఉత్తరముగా సాగిపోవును. కాని 1963లో ఫ్లోరా టొబాగోను ఛిన్నాభిన్నము చేసినది. 2024 జూలై 1న బెరిల్ పొరుగుననున్న గ్రెనడా దేశపు కారియకూ ద్వీపమును నేలమట్టము చేసినది. జూన్ నుండి నవంబరు వరకు పోవువాడు వాతావరణ ప్రకటనలు వినుచుండవలెను. బస ఖాళీచేయుమని చెప్పినప్పుడు బేరమాడక కదలవలెను. అతడు మొండికెత్తి నిలిచినచో, అతనిని వెదకుటకు ప్రాణమొడ్డువాడు ఆ ద్వీపపు బిడ్డయే.

తిండి విషయమున ఆ ద్వీపము తెలుగువానికి పరాయిది కాదు. రెండు మెత్తని బారాలనడుమ శనగల కూర పెట్టి వీధిలో అమ్ము ‘డబుల్స్’ భారతీయుల వంటింటినుండి పుట్టినదే. వేడిగా కన్నులయెదుట చేసినది తినవచ్చును. మూతలేక నిలువయుంచిన పచ్చళ్లు, పరిశుభ్రత తెలియని నీరు, ఆ నీటితో చేసిన మంచు మానవలెను.

ఇక దొంగల భయము. దీనిని దాచుట మంచిది కాదు, పెంచుటయు మంచిది కాదు. ముఠాల హత్యలు హెచ్చినందున ఆ దేశము 2024 డిసెంబరులోను, తిరిగి 2025 జూలైలోను అత్యవసరపరిస్థితి ప్రకటించినది. ఆ హింసకు బలియైనవారు హెచ్చుగా అక్కడి బీదవాడల బిడ్డలే. యాత్రికుడు చేయవలసినది ఇంతే: ఏ వీధికి ఏ వేళ పోరాదో బసవారిని అడిగి, వారి మాట వినవలెను. టాక్సీ ఎక్కునపుడు బండిసంఖ్య ‘హెచ్’ అను అక్షరముతో మొదలగునో లేదో చూడవలెను; అది అనుమతిగల అద్దెబండికి గురుతు. మెడలో బంగారు గొలుసులు, చేతులనిండ గాజులు పెండ్లిపందిటికి తగును గాని పరదేశపు వీధికి తగవు. సైనికుల మచ్చలబట్టలను పోలిన దుస్తులు ధరించుట అక్కడ నేరము. పిల్లవానికి కూడ అట్టి చొక్కా తొడుగరాదు. పోలీసులకు 999, అంబులెన్సుకు 811 అను సంఖ్యలు కాగితముపై వ్రాసియుంచుకొనవలెను. వైద్యబీమా లేకుండ ఇల్లు కదలరాదు.

ఇన్ని జాగ్రత్తలు చెప్పిన తరువాత, ఇక విహారమేమున్నది, ఇంట కూర్చుండుటయే మేలు గదా యనువారుందురు. డబ్బిచ్చి పోయినవానిని చూచుకొనవలసిన బాధ్యత అక్కడివారిది గాని యాత్రికునిది కాదనువారును ఉందురు. మొదటివారికి సమాధానము సులభము. పై జాగ్రత్తలలో ఏ ఒక్కటియు సముద్రమును, సంగీతమును, కార్నివాల్ ఉత్సవమును, రాత్రివేళ గ్రుడ్లు పెట్ట వచ్చు పెద్ద తాబేళ్లను చూడవద్దని చెప్పుట లేదు. మాటురా ఇసుకలో ఆ తాబేళ్లను చూడబోవువారు అనుమతి తీసికొని, మార్గదర్శివెంట, దీపములు లేకుండ పోవుదురు. ఆ నియమము ఒక్కటే తాబేటిని, యాత్రికుని ఇరువురను కాపాడుచున్నది. నియమము ఆనందమునకు శత్రువు కాదు.

రెండవవారి మాట కొంత గట్టిగ ఖండింపవలసినది. హోటలువాడు గదికి అద్దె తీసికొనును. ఊరి ఆరోగ్యమునకు అద్దె ఎవరును తీసికొనలేదు. అతిథిని దేవునిగా చూడుమని గృహస్థునకు పెద్దలు చెప్పిరి. అతిథి ఎట్లుండవలెనో కూడ ఆ పెద్దలే చెప్పియున్నారు: కాళ్లు కడుగుకొని గడప దాటవలెను. ఆ ఆచారములో మర్యాదయు ఆరోగ్యమును వేరుకావు. టీకా, దోమమందు, జ్వరమును దాచకుండుట, జెండాల నడుమ స్నానము — ఇవన్నియు నేటి అతిథి కాళ్లు కడుగుకొను విధములే.

కాశికి పోవు గృహస్థు బయలుదేరుటకు ముందు అప్పులు తీర్చుకొనెడివాడు. ద్వీపమునకు పోవువాడు తీర్చవలసిన అప్పు కూడ ఒకటి కలదు. అది పోవు ఊరికిని, తిరిగివచ్చు ఊరికిని ఉన్న అప్పు. టిక్కెట్టు కొన్ననాడే దానిని తీర్చుట మొదలుపెట్టవలెను.